అల్మారాను ముందు కంప్యూటర్‌లో ఎందుకు చేస్తారు? ఎలా?

ఢిల్లీలో ఫర్నిచర్ అనగానే అందరూ చెప్పే పేరు కీర్తినగర్. ప్లైవుడ్‌కు పేరుపడ్డ యమునానగర్ పక్క రాష్ట్రం హర్యానాలోనే ఉంది. నోయిడా, గురుగ్రామ్ ఫ్లాట్లకు వంటింటి అల్మారాలు చేసేవాళ్లలో చాలామంది ఇప్పుడు రంపం కంటే ముందు మౌస్ పట్టుకుంటున్నారు. ఎందుకు?

పొట్టిగా కోసిన పలకను మళ్లీ పొడుగు చేయలేం. తెర మీద గీతనైతే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

మరి ఎలా చేస్తారు? ముందు గోడను కింద, మధ్యలో, పైన కొలుస్తారు. ఎందుకంటే గోడలు కచ్చితంగా నిటారుగా ఉండవు. గ్యాస్ పైపు, స్విచ్‌బోర్డు, కిటికీ ఎక్కడున్నాయో రాసుకుని, ఆ కొలతలతో క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీసే) సాఫ్ట్‌వేర్‌లో అల్మారా గీస్తారు.

ఒక లెక్క చూడండి. అల్మారా వెడల్పు 600 మిల్లీమీటర్లు, ప్లైవుడ్ మందం 18. రెండు పక్కపలకలకు 36 పోతే లోపలి అర 564 ఉండాలి. ఈ సంబంధాన్ని ముందే చెప్పి ఉంచితే, మందం 16కు మార్చగానే అర దానంతటదే 568 అవుతుంది. గీతలకు ఇలా నియమాలు పెట్టడాన్ని 1963లోనే అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తన 'స్కెచ్‌ప్యాడ్' ప్రోగ్రాములో చేసి చూపించాడు.

చివరగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న షీటులో ముక్కలన్నీ వృథా తగ్గేలా సర్దుతారు. కోతలో రంపం తినేసే మూడు నాలుగు మిల్లీమీటర్లను కూడా లెక్కలోకి తీసుకుంటారు.

అయితే టేపు దగ్గర పొరపాటు జరిగితే కంప్యూటర్ కాపాడలేదు. అందుకే వడ్రంగి అనుభవానికి ఇప్పటికీ అంత విలువ. మీ ఇంట్లో అల్మారా వెడల్పు, పలక మందం కొలిచి, లోపలి అర పొడవెంతో మీరే లెక్కకట్టండి!