ఖాళీ పీఠము

ఇనుప తుక్కులో విగ్రహమును చూడగల కన్ను తెనాలి శిల్పులది. కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర 75,000 ఇనుప నట్లను ఒకదానికొకటి అతికించి పది అడుగుల గాంధీ విగ్రహమును నిలిపినారు. పారవేసిన వస్తువునకు ప్రాణము పోయుట ఈ కాలపు విద్య యని మెచ్చుకొనువారు కలరు. మెచ్చుకొనదగినదే. కాని కృష్ణాతీరమునకు అది క్రొత్త గాదు.

విజయవాడకు ఎగువన, కృష్ణ కుడిగట్టున నున్న అమరావతి మహాస్తూపమునకు చెందిన ఒక శిలాఫలకము నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో నున్నది. సుమారు నాలుగడుగుల ఎత్తు. దానికి రెండు వైపులను శిల్పమే. క్రీ.పూ. 1వ శతాబ్దమున చెక్కిన వైపున బోధివృక్షము, దాని క్రింద ఒక పీఠము, చుట్టును మ్రొక్కుచున్న భక్తులు. పీఠముపై ఎవ్వరును లేరు.

బుద్ధుడనగా మేల్కొన్నవాడు. కోరికయు, నేనను భావమును తొలగిన పిదప మిగిలెడు ఎరుకకు కన్నులు దిద్దుటెట్లు? పెదవులు తీర్చుటెట్లు? శిల్పి చెట్టును, పీఠమును, చేతులు జోడించిన వారిని శ్రద్ధగా చెక్కి, అసలు చోటును మాత్రము విడిచినాడు. చూచువాని దృష్టి పోయి అక్కడనే నిలుచును. తరగతిలో శూన్యమను మాటకు ‘ఏమియు లేకపోవుట’ యని అర్థము చెప్పి ముందునకు సాగుట పరిపాటి. ఈ పీఠపు చిత్రమును పిల్లలకు ఒక్కసారి చూపినచో, లేకపోవుటకును ఖాళీగా ఉంచుటకును గల భేదము వారికే తెలియును. ఇట్టి శిల్పములు బుద్ధుని సూచించుటకు గాక, ఆయన తరువాత యాత్రికులు కొలిచిన స్థలములను చూపుటకు చెక్కినవని వాదించిన పండితులును లేకపోలేదు. ఆ వాదమును ఒప్పుకొన్నను పీఠము ఖాళీయే గదా!

శతాబ్దములు గడచినవి. స్తూపమునకు క్రొత్త అలంకారములు కావలసి వచ్చినవి. పల్నాటి సున్నపురాయి పలక తేలికగా దొరకునది గాదు, తెచ్చుట అంతకంటె కష్టము. క్రీ.శ. 3వ శతాబ్దపు శిల్పి పాత ఫలకమును త్రిప్పి, రెండవ వైపున స్తూపమునే చెక్కినాడు: ద్వారమున సింహములు, ఆయక స్తంభములు, వ్రేలు పెట్టుటకు చోటు లేనంత పనితనము. అప్పటికి బుద్ధుడు మానవరూపమున శిలలోనికి వచ్చియుండెను. విజయవాడ బాపు మ్యూజియములోని అల్లూరు బుద్ధవిగ్రహము ఆ తరపు రూపమునకు చక్కని సాక్ష్యము.

తరువాతి వారికి ఇంత ఓపిక లేకపోయినది. 1797లో కర్నల్ మెకంజీ అమరావతికి వచ్చునప్పటికే స్తూపపు రాళ్లు క్రొత్త కట్టడములకు తరలిపోవుచుండెను. బట్టీలలో కాలి సున్నమైపోయినవి ఎన్నో! 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మద్రాసునకు పంపిన శిలలలో పలువురకు సముద్రయానమును తప్పలేదు.

ఫలకమును త్రిప్పిన శిల్పిని ఊరక వేదాంతిని చేయనక్కరలేదు. రాయి మిగులునని త్రిప్పియుండును, అంతే. అయినను పాత శిల్పమును చెక్కివేయలేదు. నునుపు చేయలేదు. దానిని స్తూపపు లోవైపునకు నిలిపి, తన పని వెలుపలికి చూపినాడు. లోపల, ఎవ్వరికిని కనబడని చోట, భక్తులు ఖాళీ పీఠమునకు మ్రొక్కుచునే యుండిరి.