మదనపల్లె మిషన్ దంపతులకు చలికాలమే పనికాలం

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ తెల్లవారుజామున దుప్పటి వదలబుద్ధి కాదు. నూటయాభై ఏళ్ల కిందట ఆ ఊళ్లో కాపురమున్న అమెరికన్ మిషనరీలు సరిగ్గా ఆ రోజుల్లోనే బంగళాకు తాళం వేసి గుడారాల్లోకి మారేవారు. ఎందుకన్నది తెలిస్తే ఆనాటి మిషన్ ఎలా నడిచేదో చాలావరకు తెలుస్తుంది.

ఆర్కాటు మిషన్ (అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి నడిపిన సువార్త సంస్థ) 1853లో స్కడర్ సోదరులతో మొదలైంది. జేకబ్ చేంబర్లిన్, ఆయన భార్య షార్లెట్ 1860లో భారతదేశం వచ్చారు. ఆయన పాదిరీ, వైద్యుడు కూడా. ముందు తమిళం, తర్వాత తెలుగు నేర్చుకున్నారు. 1863లో మదనపల్లె చేరారు. అప్పట్లో అది కడప జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది.

ఇక కాలాల సంగతి. మార్చి దాటితే గుడారంలో మనిషి ఉండలేడు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు. వంకలు పొంగుతాయి, అప్పట్లో వాటి మీద వంతెనలు లేవు, ఎద్దుబండి బురదలో దిగబడుతుంది. వానలు వెనకబట్టాక దారులు ఆరుతాయి. చెరువుల్లో, బావుల్లో నీళ్లుంటాయి. కోతలు ముగిసిన రైతుకు సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చునే తీరిక దొరుకుతుంది. ఈ మూడూ కలిసొచ్చేది ఏడాదిలో రెండు మూడు నెలలే. కలెక్టర్లు, తాసిల్దార్లు కూడా ఎక్కువగా ఆ నెలల్లోనే క్యాంపు వేసేవారు.

బండిలో గుడారం, వంటసామాను, మందుల పెట్టె, తెలుగు సువార్త పుస్తకాల కట్టలు. ఏదో ఒక తోపులో దిగి, చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, గుడారం పీకి ముందుకు సాగేవారు. జ్వరాలకు క్వినైన్, కంటిజబ్బులకు చుక్కలు, పుండ్లకు కట్లు. మందుతోపాటు బోధ తప్పనిసరి. చేంబర్లిన్ దవాఖానాలో రోగికిచ్చే చీటీ మీద ఒకవైపు పేరు, జబ్బు, మందు ఉండేవి. వెనకవైపు క్రైస్తవ బోధ సారం అచ్చేసి ఉండేది. రోగి మళ్లీ రావాలంటే చీటీ దాచుకోవాలి, కాబట్టి ఆ బోధ ఇల్లు చేరేది. వేరే వైద్యుడు దరిదాపుల్లో లేని మనిషికి బోధ వినను అనే వీలు ఎంత ఉంటుంది? ఈ ప్రశ్న న్యాయమైనదే. మందు మేలు చేసిందన్నదీ అంతే నిజం.

వయసు మీదపడ్డాకే కాదు, జబ్బు పడినప్పుడూ ఈ పని మారేది. 1863లోనే చేంబర్లిన్ గోదావరి అడవుల మీదుగా పెద్ద ప్రయాణం చేసి మన్యపు జ్వరం తెచ్చుకున్నారు. అది ఆయన్ను జన్మంతా వదల్లేదు. శరీరం సహకరించనప్పుడల్లా పని బల్ల దగ్గరికి చేరేది. 1873 నుంచి 1894 వరకు తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఆయనే అధ్యక్షులు. మూలభాషలతో పోల్చి, ఒక్కో వాక్యం గురించి వాదించుకుని, తిరగరాసే పని అది. అరవై దాటాక తన అనుభవాలను అమెరికా పాఠకుల కోసం పుస్తకాలుగా రాశారు. మిషన్‌కు చందాలిచ్చేది ఆ పాఠకులే కనుక అదీ పనిలో భాగమే. ఇద్దరు కొడుకులు అదే మిషన్‌లో చేరారు. పదవీ విరమణ తీసుకుని స్వదేశం పోయే అవకాశం ఉన్నా, 1908 మార్చి 2న, 72 ఏళ్ల వయసులో, ఆయన మదనపల్లెలోనే కన్నుమూశారు.

షార్లెట్ గురించి ఇంత వివరంగా రాయలేకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది. ఆ తరం మిషన్లలో నియామకం భర్తకు, జీతం భర్తకు. నివేదికల్లో భార్య 'మిసెస్' అన్న మాట వెనక ఉండిపోయేది. కానీ పని ఆగకుండా నడవడానికి ఆ రెండో మనిషే ఆధారం. ఘోషా పాటించే ఇళ్లలోకి పరాయి మగవాడు అడుగుపెట్టలేడు. దొరగారు రచ్చబండ దగ్గర నిలబడి మాట్లాడుతుంటే, దొరసానులు, వాళ్లతో వెళ్లే బైబిలు స్త్రీలు (జీతం తీసుకుని ఇంటింటా చదివి వినిపించే క్రైస్తవ మహిళలు) లోపలి గదుల్లో కూర్చునేవారు. ఆడపిల్లల బడులు మొదలైంది ఆ పరిచయాల మీదే. కాన్పు కష్టమైనా మగ వైద్యుడికి చూపించని ఇళ్లున్నాయని బయటపడిందీ అక్కడే. అమెరికాలో ఆ చర్చి మహిళలు 1875లో సొంత బోర్డు పెట్టుకుని, పెళ్లికాని ఉపాధ్యాయినులను, వైద్యురాళ్లను తమ పేరుమీదే జీతమిచ్చి పంపడం మొదలుపెట్టారు. మదనపల్లెలో ఆడవాళ్ల కోసం మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వెలిసింది ఆ దారిలోనే.