టైరు తిరిగితే చాలు.. సెన్సార్‌కు కరెంట్! బ్యాటరీతో పనే లేదు.. అదెలాగంటే?

ఎండాకాలంలో కణేకల్ నుంచి రాయదుర్గం రోడ్డెక్కితే.. పైన 40 డిగ్రీలు దాటిన ఎండ, కింద సలసలా కాగే తారు. ఇలాంటి చోట టైరులో గాలి తగ్గితే ముప్పే. గాలి తక్కువైన టైరు రోడ్డు మీద ఎక్కువగా నలుగుతుంది. వేడెక్కుతుంది. చివరికి పేలిపోవచ్చు.

ఈ ముప్పును ముందే చెప్పేదే టీపీఎంఎస్. చక్రంలో ఉండే సెన్సార్ గాలి ఎంతుందో కొలిచి, వైర్‌లెస్‌గా డ్రైవర్ ముందున్న డిస్‌ప్లేకి పంపుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర 2019 నుంచి తయారవుతున్న కియా సెల్టోస్‌ పై వేరియంట్లలోనూ టీపీఎంఎస్ ఉంది. ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేర్ కిట్‌తో పాటు టీపీఎంఎస్ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదని 2020లో కేంద్రం రూల్ కూడా మార్చింది.

మరి చిక్కెక్కడ?

బ్యాటరీ దగ్గరే. ఈ సెన్సార్లు ఎక్కువగా చిన్న లిథియం బ్యాటరీతో నడుస్తాయి. దాని ఆయుష్షు సుమారు 5 నుంచి 10 ఏళ్లు. అది సెన్సార్‌లోనే సీల్ అయి ఉంటుంది కాబట్టి, అయిపోతే మొత్తం సెన్సార్‌నే మార్చాలి. కారు సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారేది కూడా ఇంచుమించు అప్పుడే. అంటే ఖర్చు పడేది రెండో ఓనర్ మీద!

తిరగడమే కరెంట్

అందుకే టైరు కదలిక నుంచే కరెంట్ తీసే పనిలో పడ్డారు పరిశోధకులు. మధ్యరకం కారు టైరు ఒక కిలోమీటరుకు దాదాపు 500 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ నేలను తాకే భాగం ఒకసారి చదునవుతుంది. అక్కడ లోపలి వైపు పీజోఎలక్ట్రిక్ పట్టీ అతికిస్తే, వంగిన ప్రతిసారీ కాస్త కరెంట్ పుడుతుంది. గ్యాస్ లైటర్ నొక్కితే నిప్పురవ్వ వచ్చేదీ ఈ సూత్రంతోనే.

జపాన్‌కు చెందిన సుమిటోమో రబ్బర్, కన్సాయ్ యూనివర్సిటీ మరో దారి పట్టాయి. రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంట్‌ను వాడే పరికరాన్ని 2019లో ప్రకటించాయి.

పుట్టేది మైక్రోవాట్లలోనే. ఉరవకొండ వైపు కనిపించే గాలిమరల ముందు ఇది చీమంత. కానీ సెన్సార్ ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది. ఆ కాస్త కరెంట్‌ను కెపాసిటర్‌లో దాచుకుని, అప్పుడప్పుడు ఒక్క సిగ్నల్ పంపితే సరిపోతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి

బండి ఆగితే కరెంట్ ఆగిపోతుంది. రాత్రి నిలిపిన కారులో గాలి దిగినా, బండి కదిలే దాకా సెన్సార్ చెప్పలేకపోవచ్చు. పైగా 100 కిలోమీటర్ల వేగంలో టైరు లోపలి పరికరంపై దాని బరువుకు దాదాపు 250 రెట్ల బలం పడుతుంది. పీజో సెరామిక్ పెళుసు. గుంతల దెబ్బ, ఎండ వేడి తట్టుకుని టైరు అరిగే దాకా నిలవాలి. అసలు పరీక్ష అదే.

అప్పటిదాకా పాత పద్ధతే దిక్కు. పొద్దున్నే, బండి తీయకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది.