పల్లె కష్టానికి అచ్చుబొమ్మే గొంతు

తోటపల్లి గూడూరు: కాన్వాసుపై గీసిన చిత్రం ఒక్క గోడకే పరిమితం. అదే చిత్రాన్ని చెక్కపై చెక్కి అచ్చు వేస్తే వందల ఇళ్లకు చేరుతుంది. తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రతులు తీయగలగడమే ముద్రణ చిత్రకళను సామాన్యుల వెతలను చాటే సాధనంగా నిలిపింది.

తయారీ ఇలా..
చెక్కను గానీ, లినోలియం పలకను గానీ ఉలితో చెక్కుతారు. తొలగించిన భాగం తెల్లగా మిగులుతుంది. ఎత్తుగా ఉన్న భాగానికే సిరా అంటుతుంది. దానిపై కాగితం ఉంచి ఒత్తితే బొమ్మ పడుతుంది. కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక అక్షరాలను తిరగేసి చెక్కాలి. పెడన కలంకారీ వస్త్రాలపై అద్దే చెక్క అచ్చులదీ ఇదే సూత్రం. లోహపు రేకుపై గీతలను ఆమ్లంతో తొలిపించి, ఆ గాళ్లలో సిరా నింపి అచ్చు తీసే పద్ధతిని ఎచింగ్ అంటారు.

ప్రతులకు నిప్పు
బెంగాల్ కరవు కాలంలో 1943లో మిడ్నాపూర్ జిల్లాలో పర్యటించిన చిత్రకారుడు చిత్తప్రసాద్ ఆకలి చావులను సిరాతో చిత్రించి 'హంగ్రీ బెంగాల్' పేరిట అచ్చు వేయించారు. ఆ ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుని తగులబెట్టింది. అయినా ఆయన వెనుదీయలేదు. అనంతరం బాల కార్మికుల దైన్యాన్ని లినోకట్లుగా చెక్కారు.

తెలుగునాట లక్ష్మాగౌడ్
మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో జన్మించిన కె.లక్ష్మాగౌడ్ బరోడాలో ముద్రణకళను అభ్యసించారు. పల్లె స్త్రీ పురుషులు, మేకలు, చెట్లు ఆయన ఎచింగ్‌లకు వస్తువులు. నగర మర్యాద మరుగుపరిచే కోరికలను దాపరికం లేకుండా చూపడం వాటి ప్రత్యేకత. 2016లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

జిల్లాకు తెలిసిన సత్యమే
అచ్చు కాగితానికి గల బలం నెల్లూరు జిల్లాకు కొత్త కాదు. 1992లో దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. వారి పోరాటం అక్షరాస్యత వాచకంలో పాఠమై ఊరూరా చేరింది, ఉద్యమానికి ఊపిరి పోసింది. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాపై నిషేధం అమలులోకి వచ్చింది.

బడిలోనూ సాధ్యమే
ఈ కళకు పెద్ద యంత్రాలు అవసరం లేదు. లినోలియం ముక్క, చిన్న ఉలి, సిరా ఉంటే చాలు. ప్రెస్సు లేనిచోట చెంచా వెనుక భాగంతో కాగితాన్ని రుద్ది అచ్చు తీయవచ్చు. తీరప్రాంత పాఠశాలల్లో డ్రాయింగు తరగతికి ఇది చక్కగా సరిపోతుంది. తాగునీటి ఎద్దడి, తీరపు కోత, బడి మానిన తోటి పిల్లలు.. విద్యార్థులు చెక్కదగిన అంశాలకు కొదవ లేదు.