ఇన్యో కౌంటీ: నీళ్లు పోయిన లోయ

ఎడారి అనగానే మనకు ఇసుక, ఒంటెలే గుర్తొస్తాయి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, నెవాడా సరిహద్దును ఆనుకుని ఉన్న ఇన్యో కౌంటీ అలా ఉండదు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి. విస్తీర్ణం దాదాపు 26 వేల చదరపు కిలోమీటర్లు. 2020 లెక్కల ప్రకారం జనాభా మాత్రం 19 వేలే! అలాస్కాని పక్కన పెడితే అమెరికాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం మౌంట్ విట్నీ (4,421 మీటర్లు) దీని పడమటి అంచున ఉంది. తూర్పున డెత్ వ్యాలీలో ఉన్న బ్యాడ్‌వాటర్ బేసిన్ సముద్ర మట్టానికి 86 మీటర్లు కిందకి ఉంటుంది. ఉత్తర అమెరికా మొత్తంలో అంతకన్నా పల్లం లేదు. ఈ రెండిటి మధ్య దూరం 140 కిలోమీటర్లు కూడా లేదు.

ఇంత ఎండ ఎందుకు? పసిఫిక్ నుంచి వచ్చే తేమగాలులు సియెరా నెవాడా కొండలెక్కుతూ చల్లబడి, వానా మంచూ అంతా అక్కడే కురిపించేస్తాయి. ఇటువైపు దిగేసరికి మిగిలేది పొడిగాలే. పడమటి కనుమల వెనక మన అనంతపురం పరిస్థితి కూడా ఇదే కదా.

అయితే ఆ మంచు కరిగి తూర్పు వాలు మీదుగా ఓవెన్స్ లోయలోకి దిగుతుంది. ఆ వాగుల నుంచి పైయూట్ తెగవాళ్లు కాలువలు తవ్వుకుని మొక్కలకు నీళ్లు పారించేవారు. 1860ల్లో వలస వచ్చిన తెల్లవాళ్లు, సైన్యం కలిసి వాళ్లలో చాలామందిని వెళ్లగొట్టారు. 1866లో కౌంటీ ఏర్పడింది.

తర్వాత లాస్ ఏంజిలస్ నగరం కన్ను ఈ నీళ్ల మీద పడింది. ముందు రైతుల దగ్గర పొలాలు, వాటితోపాటు నీటి హక్కులు కొన్నారు. కొంటున్నది నగరం కోసమని మొదట్లో చాలామందికి తెలియదు. విలియం ముల్‌హోలాండ్ ఆధ్వర్యంలో కట్టిన అక్విడక్ట్ 1913 నవంబరులో ప్రారంభమైంది. 375 కిలోమీటర్లు, ఒక్క పంపు కూడా లేకుండా, పూర్తిగా వాలు మీదే! ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివిన ఎవరికైనా ముచ్చటేస్తుంది.

లోయలో వాళ్లకి మాత్రం ముచ్చటేయలేదు. 1924లో జనం అలబామా గేట్లను ఆక్రమించి నీళ్లని తిరిగి నదిలోకి వదిలేశారు. కాలువని డైనమైట్‌తో పేల్చారు కూడా. ఏం లాభం? 1926కల్లా ఓవెన్స్ సరస్సు దాదాపు ఎండిపోయింది. ఖాళీ అయిన ఊళ్లలో ఒకటి మంజనార్. స్పానిష్‌లో ఆ మాటకి ఆపిల్ తోట అని అర్థం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి 45 దాకా, ఏ నేరమూ చేయని పదివేల మందికి పైగా జపాన్ మూలాలవాళ్లని అక్కడే ముళ్లకంచె వెనక బంధించారు.

ఇక సరస్సు అడుగున మిగిలిన ఉప్పు, ఆర్సెనిక్ కలిసిన దుమ్ము గాలికి లేచి ఊళ్ల మీద పడింది. దాన్ని అణచడానికి 2001 నుంచి లాస్ ఏంజిలస్ నగరమే ఆ ఎండిన నేల మీద మళ్లీ నీళ్లు పారిస్తోంది. ఇందుకోసం ఇప్పటిదాకా వంద కోట్ల డాలర్లకు పైగానే ఖర్చయింది.

అక్విడక్ట్ లెక్కల్లో తప్పులేదు, నీళ్లు ఇవాళ్టికీ పారుతూనే ఉన్నాయి. నీళ్లు పోయాక లోయలో మిగిలే నేల, మనుషులు మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. రేపు మనం ఏదైనా డిజైన్ చేసేటప్పుడు, కాలువ చేరే చోటుతోపాటు అది బయల్దేరే చోటు కూడా ఒకసారి చూసొస్తే బాగుంటుంది.