పరిచారకులకూ పరిచర్య కావాలి

చరకసంహిత సూత్రస్థానం చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉపచారజ్ఞానం, దక్షత, రోగిపై అనురాగం, శుచిత్వం ఉండాలని నిర్దేశించింది. ఉన్మాదాన్ని గురించి వేరుగా అధ్యాయమే రచించి, దానిని చికిత్స చేయదగిన వ్యాధిగా పరిగణించింది.

నేడు మనోవ్యాధిగ్రస్తుల ఇళ్లలో ఆ మూడవ పాదం తల్లి, భార్య, లేక తోబుట్టువు. వారికి జీతమూ లేదు, విరామమూ లేదు. వేళకు మందు మింగించడం, అలిగితే బుజ్జగించడం, ఇల్లు విడిచిపోతే వెదకడం వారి నిత్యకృత్యాలు.

ఒకనాడు అట్టి తల్లి నావద్ద దుఃఖించగా, "పూర్వజన్మ కర్మ, అనుభవించక తప్పదమ్మా" అన్నాను. ఆమె మారుమాటాడక వెళ్లిపోయింది. శాస్త్రం చెప్పాననుకున్నాను, ఆమె భారాన్ని మరింత పెంచానని ఆలస్యంగా గ్రహించాను.

భక్తులారా! అట్టి ఇంటికి ప్రసాదంతోపాటు రెండు గంటల సమయాన్నీ తీసుకువెళ్లండి. మీరు రోగి చెంత కూర్చుంటే ఆ తల్లి కాసేపు నిద్రించగలదు, స్వామి దర్శనానికి రాగలదు. ఆసుపత్రికి తోడు వెళ్లండి. మొక్కుల పేరిట మందులు మాన్పించకండి. కేంద్రప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. సంరక్షకులు తమ బాధనూ అక్కడ చెప్పుకోవచ్చు.

ఒక కోడు విరిగితే మంచం నిలవదు. దానిని నిలబెట్టడమూ స్వామిసేవయే.