బడి బీరువాకు కథల పుస్తకాలు

మిరపకాయలు కల్లాల నుండి గుంటూరు యార్డుకు తరలుచున్న రోజులలోనే బడులకు వేసవి సెలవులు సమీపించును. సెలవులకు విద్యార్థి చేతికి ఏ పుస్తకమిచ్చి పంపవలెను? పాఠ్యపుస్తకము తప్ప మరొకటి లేని ఇండ్లు మన పల్లెలలో నేటికీ ఉన్నవి. అటువంటి ఇంటికి చేరిన మొదటి నవల విసుగు పుట్టించినచో, రెండవ నవల చేరుట కష్టము.

ఈ సీమకు పఠనాభిరుచి కొత్త కాదు. చీరాల దగ్గరి వేటపాలెములో 1918లో సారస్వత నికేతనము వెలసినది. 1929లో దాని కొత్త భవనమునకు గాంధీజీ శంకుస్థాపన చేసినారు. అయితే వేల గ్రంథములుండుట వేరు, ఒక పిల్లవానికి తగినదానిని ఏరి ఇచ్చుట వేరు. ఆ రెండవ పని ఉపాధ్యాయులది.

నవలలన్నింటిని ఒకే తూనికరాయితో తూచరాదు. ఒక్కొక్క తెగకు ఒక్కొక్క పరీక్ష కలదు.

అపరాధ పరిశోధన నవలను పెద్దలు చులకన చేయుదురు. కాని పుట తిప్పు అలవాటు చాలమందికి అక్కడనే కలుగును. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ ఎందరినో పాఠకులను చేసినాడు. రహస్యము విప్పుటకు ముందే ఆధారములన్నియు పాఠకుని కంటికి చూపినారా? ఇదియే దాని పరీక్ష.

చారిత్రక నవలలో శాసనమెంత, కల్పన ఎంత అని అడుగవలెను. రేపల్లెలో న్యాయవాదిగా ఉండిన నోరి నరసింహశాస్త్రిగారి ‘రుద్రమదేవి’ని చదివించునపుడు, రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244లో సముద్రవర్తకులకు అభయమిచ్చిన మోటుపల్లి శాసనమును గూడ చెప్పినచో, చరిత్ర పాఠము మన తీరము మీదికే వచ్చును.

సాంఘిక నవలకు వచ్చుసరికి ‘మాలపల్లి’ని దాటిపోలేము. ఉన్నవ లక్ష్మీనారాయణగారు జైలులో వ్రాసిన ఈ నవల 1922లో వెలువడినది. నాటి మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. అందలి కూలి తగవు, కులభేదము మన పిల్లలకు వినికిడి కథలు కావు. రైతుబిడ్డయు, కూలిబిడ్డయు ఒకే బల్లపై కూర్చున్న తరగతిలో ఇది నిప్పువంటి పుస్తకమే. ఆ భయముతో బీరువాలోనే ఉంచినచో, ఊరిని గురించి నిజము మాటలాడుకొను అవకాశము ఇద్దరికిని పోవును. పెద్ద తరగతులవారికి, భాగములుగా, ఉపాధ్యాయుడు తోడుండి చదివింపవలెను.

మంచి పుస్తకమైనను వయస్సు తప్పిన ఫలింపదు. గోపీచంద్‌గారి ‘అసమర్థుని జీవయాత్ర’ మనస్తత్వ నవలలలో మిన్న. కాని దానిని కళాశాల విద్యార్థికి విడుచుట మేలు.

కథాసంపుటములు బడికి మిక్కిలి అనుకూలము. ఒక పీరియడులో ఒక కథ ముగియును. కొనుటకు ముందు మొదటి కథ, నడిమి కథ, చివరి కథ చదివి చూడవలెను. తమిళదేశము నుండి వచ్చి, తెనాలి హోటళ్లలో పని చేయుచు తెలుగు నేర్చి రచయితయై, 1955లో కన్నుమూసిన శారద కథలు చదివిన విద్యార్థికి, రచయిత కావలెనన్న కలిమి అక్కరలేదని తెలియును. పలువురి రచనలు ఒక్కచోట కావలెనన్న, వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ గారల సంపాదకత్వమున 1990 నుండి వెలువడిన ‘కథ’ వార్షిక సంపుటములున్నవి.

పది పుస్తకములకే డబ్బున్నచో, పదియు ఒకే తెగవి కొనవలదు. ముప్పది పుటలు చదివి రుచింపక తిరిగి తెచ్చిన పిల్లవానిని మందలింపవలదు. “ఏమి నేర్చుకొన్నావు?” అని పరీక్షించుటకన్న, “తరువాత ఏది ఇమ్మంటావు?” అని అడిగిన చాలును.